సెయింట్ బార్నబాస్ దీవిలో చేయవలసిన పదకొండు పనులు

నేను కరీబియన్ సముద్రం చూడలేదు. మా జిల్లా దాటింది రెండుసార్లు, రెండూ పెళ్ళిళ్ళకే. కానీ ప్రభుత్వ రికార్డు ప్రకారం నేను సెయింట్ బార్నబాస్ అనే కరీబియన్ దీవిలో పుట్టాను, అక్కడే పెరిగాను, అక్కడి భాష తప్ప నాకు మరో భాష రాదు. దీనికి గెజిటెడ్ అధికారి సంతకం ఉంది. నేను కాకరలంకలో పుట్టాననడానికి మాత్రం ఇంతవరకూ ఎవరి సంతకమూ లేదు.

నా పేరు సంగాడి పోలారావు. గోదావరి మధ్యలో ఉన్న కాకరలంకకూ అవతలి గట్టుకూ పడవ నడుపుతాను. ఐదో తరగతిలో మా మేష్టారు "ద్వీపమనగా చుట్టూ నీరు గల భూభాగము" అని నల్లబల్ల మీద రాసిన రోజున బడి మానేశాను. చుట్టూ నీరుందని తెలుసుకోవడానికి బడికి వెళ్ళక్కర్లేదనిపించింది. ఆ ఒక్క వాక్యమే నలభై ఏళ్ళ తర్వాత నన్ను విదేశీయుణ్ణి చేస్తుందని అప్పుడు తెలియదు.

మా ఇల్లు లంకకి ఉత్తరపు ఒడ్డున ఉంది. నా పెళ్ళయిన ఏడాది ఇంటికీ నీటికీ మధ్య ముప్పై బారల నేల ఉండేది. బార అంటే రెండు చేతులూ చాపినంత; పడవవాళ్ళం లోతు అయినా దూరమైనా అలాగే కొలుస్తాం. ఏటా వరద వచ్చినప్పుడల్లా గోదావరి కాస్త కొరుక్కుని వెళ్ళేది. ఇప్పుడు మిగిలింది మూడు బారలు. ఒడ్డుకు రాళ్ళు పోస్తే ఆగుతుంది. ఆ సంగతి ఇంజనీర్లకు తెలుసు, మాకు తెలుసు, గోదావరికీ తెలుసు. ఏడేళ్ళుగా అర్జీ పెడుతున్నాను. ఏడేళ్ళుగా అదే జవాబు వస్తోంది: "బాధ్యతగల అధికారి ఎవరును స్థలమును స్వయముగా పరిశీలించియుండనందున, రాళ్ళ విషయము పరిశీలింపజాలము."

నిజమే. మా లంకకి బాధ్యతగల అధికారి ఎవరూ రాలేదు. ఓట్లప్పుడు కొందరు వచ్చారు గానీ, వాళ్ళ పరిశీలన చెల్లదట.

అందుకని మార్చి ఇరవై ఏడో తారీఖు పొద్దున అవతలి రేవులో జీపు దిగి ఇద్దరు అధికారులు, ఒక ఫొటోగ్రాఫరు నా పడవ వైపు నడిచి వస్తుంటే, నాకు కళ్ళు చెమర్చాయి. ఇద్దరూ పువ్వుల చొక్కాలు వేసుకున్నారు. నెత్తిన ఈతాకు టోపీలు. మెడలో నీళ్ళలో ఊపిరి పీల్చుకునే రబ్బరు గొట్టాలు. ఏడేళ్ళు ఎదురుచూసినవాడికి బట్టలతో పనేముంది?

"ఎవరండీ తమరు?" అన్నాను చేతులు కట్టుకుని.

వాళ్ళలో పెద్ద అధికారి నన్ను దాటి చూశారు. ఆయన ద్వీప వినోద వికాస సంస్థకి డిప్యూటీ డైరెక్టరు, పసుమర్తి నరహరిగారు. పక్కనున్న ముసలాయన వైపు తిరిగి, "మనమెవరమని అడుగుతున్నట్టున్నాడు. చెప్పండి" అన్నారు.

ముసలాయన ఆ సంస్థలోనే సూపరింటెండెంటు, దైవాధీనంగారు. జూన్ నెలాఖరుకి రిటైరవుతారు. ఆయన ముఖంలో ఆ వెలుగు అప్పుడే కనిపిస్తోంది. పడవ బల్ల మీద కూర్చుని జరిగింది చెప్పారు.

సంస్థవాళ్ళు దీవుల అభివృద్ధి నేర్చుకోవడానికి సెయింట్ బార్నబాస్ అనే దీవికి అధ్యయన యాత్ర వేసుకున్నారు. ఆ దీవికి వెళ్ళినవాళ్ళు తప్పక చేయవలసిన పనులు పదకొండు అని ఎక్కడో అచ్చయితే, ఆ పదకొండూ చేసి రమ్మని జీవో వచ్చింది. అన్నీ సిద్ధం. వీసాలే రాలేదు. మార్చి ముప్పై ఒకటి దాటితే నిధులు మురిగిపోతాయి. అప్పుడు పైన ఎవరో మేధావి ఫైలు మీద ఒక వాక్యం రాశాడు: "ద్వీపమనగా చుట్టూ నీరు గల భూభాగము. కాకరలంక చుట్టూ నీరు కలదు. కావున యాత్రాకాలమునకు మాత్రమే కాకరలంకను సెయింట్ బార్నబాస్‌గా పరిగణించవచ్చును."

ఆ మేధావి ఐదో తరగతి పాసైనవాడని నాకు అర్థమైంది.

"ఇప్పటికీ కాకరలంకే కదండీ అది?" అన్నాను.

"పడవ ఎక్కేదాకా" అన్నారు దైవాధీనంగారు. "ఎక్కేశాం."

నరహరిగారు ఒక ఫారం తీశారు. యాత్రకి స్థానిక మార్గదర్శి తప్పనిసరి. మార్గదర్శి ఆ దీవిలో పుట్టినవాడై ఉండాలి. నా పేరు, పుట్టినచోటు సెయింట్ బార్నబాస్, మాట్లాడే భాష "స్థానికం" అని రాసి, సంతకం పెట్టమన్నారు. ముగ్గురు పెద్దమనుషులు లంకలో మూడు రోజులుంటారు, ఒడ్డు చూడకపోతారా అనుకుని పెట్టాను.

యాత్రకి దుబాసీ కూడా మంజూరయ్యాడు. దైవాధీనంగారే దుబాసీ. అందుకని నరహరిగారు నాతో సూటిగా మాట్లాడితే నిబంధన ఉల్లంఘించినట్టు.

"రేవు దాటడానికి ఎంతసేపు పడుతుందో అడగండి" అన్నారాయన తెలుగులో.

దైవాధీనంగారు నా వైపు తిరిగి, "రేవు దాటడానికి ఎంతసేపు పడుతుంది?" అన్నారు తెలుగులో.

"పావుగంటండి."

"పావుగంటట సార్."

"స్థానిక భాష మీకు బాగానే పట్టుబడిందే" అన్నారు నరహరిగారు మెచ్చుకోలుగా.

ఆ రోజే పని మొదలుపెట్టారు. మొదటిది, నీటి అడుగున పగడపు దిబ్బలు చూడడం. మా రేవు మెట్ల దగ్గర మొలలోతు నీళ్ళలో దైవాధీనంగారిని దింపాం. ఆయన ముక్కుకి అద్దం, నోట్లో గొట్టం పెట్టుకుని తల ముంచారు. గట్టు మీద నరహరిగారు నోటుపుస్తకం పట్టుకుని నిలబడ్డారు.

"ఏం కనిపించింది?"

"బురద సార్."

"ఇంకా?"

"ఒక రబ్బరు చెప్పు సార్."

"రంగు?"

"ఎరుపండి."

"ఎర్రని పగడపు ఆకృతి, ఒకటి" అని రాసుకున్నారు నరహరిగారు. "జత ఉందేమో చూడండి."

రెండోది అగ్నిపర్వతం. లంకకి దిగువన ఉన్న ఇటుకబట్టీ చూపించాను. నరహరిగారు చాలాసేపు పొగ వైపు చూసి, అది నిద్రాణమా జాగృతమా కనుక్కోమన్నారు. ఆదివారాలు నిద్రాణమండి, కూలీలు రారు, అన్నాను. అదీ రాసుకున్నారు.

మూడోది స్థానిక మద్యం రుచి చూడడం. నరహరిగారికి అలవాటు లేదు. కానీ జీవోలో "రుచి చూచుట" అని ఉంది గనక తప్పదన్నారు. "రుచి చూచుట తప్పనిసరి. ఆనందించుట మాత్రం ఐచ్ఛికం" అని ముందే మాకందరికీ వినబడేలా చెప్పి, ముంత ఎత్తారు. తాటికల్లు. రెండో ముంత నిర్ధారణ కోసం. మూడోది మొదటిదానితో సరిపోల్చడానికి. నాలుగో ముంతకి కారణం ఆయనే చెప్పలేకపోయారు, రిపోర్టులో చూసుకోమన్నారు.

అన్నిటికంటే చిక్కు గడియారం. జీవోలో ప్రతి పనికీ వేళ వేశారు, అది ఆ దీవి వేళ. మనకంటే తొమ్మిదిన్నర గంటలు వెనక. అందుకని సూర్యోదయం చూసే పని మా లంకలో మధ్యాహ్నం మూడున్నరకి పడింది. మార్చి ఎండ నడినెత్తి మీంచి కాస్త పక్కకి జరిగింది, అంతే. ఇసుకలో ఇద్దరు అధికారులు చెప్పులు విడిచి నిలబడి, "ఉదయభానుడి లేతకిరణాలు" అని రాసుకుంటూ కాళ్ళు మార్చి మార్చి ఎత్తుతున్నారు. ఫొటోగ్రాఫరు చల్లగా పడవ నీడలోంచి తీశాడు.

అది చూసి బుల్లెమ్మత్త గంప దించుకుని కూర్చుంది. మా లంకలో అందరికంటే పెద్దది. నోరు ఇంకా పెద్దది.

"ఏంట్రా పోలారావూ, ఈళ్ళు ఏం చూత్తన్నారు?"

"పొద్దు పొడుపు అత్తా."

"ఇప్పుడా?"

"వాళ్ళకిప్పుడే పొడిచింది."

"అయితే నా మాటగా చెప్పు. కూలికి పోయేవోళ్ళం మేవు ఆళ్ళ కంటే ఓ పొద్దు ముందున్నావని" అంది, గంప నెత్తికెత్తుకుంటూ. దైవాధీనంగారు ఆ మాట మాత్రం అనువదించలేదు.

బుల్లెమ్మత్త దగ్గరికి మర్నాడు మాకే పని పడింది. ఆరో పని, రాత్రి పదిగంటలకు ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టే సముద్రపు తాబేలును చూడడం. అక్కడి రాత్రి పది అంటే మాకు పొద్దున్న ఏడున్నర. గోదావరిలో ఆ తాబేళ్ళు లేవు. నరహరిగారు జీవో తిరగేసి, ముఖ్యమైనది తాబేలు కాదు, గుడ్డు పెట్టే ప్రాణి అని తేల్చారు. లంకలో క్రమం తప్పకుండా గుడ్డు పెట్టే ప్రాణి బుల్లెమ్మత్త కోడిపెట్ట ఒక్కటే.

ఏడున్నరకి ఎండ కొడుతుండగా ముగ్గురూ టార్చిలైట్లు వెలిగించుకుని, మునివేళ్ళ మీద నడిచొచ్చి, గంప చుట్టూ గొంతుక్కూర్చున్నారు. రాత్రివేళ జంతువు బెదరకూడదని మాట్లాడవద్దని సైగ చేశారు. పెట్ట ముగ్గురి ముఖాల్నీ వరుసగా చూసింది. గుడ్డు పెట్టలేదు.

అరగంట అయింది. బుల్లెమ్మత్త నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "బాబూ, మూడు దీపాలెట్టుకుని ముగ్గురు మొగాళ్ళు కూసుంటే అది ఎలా పెడతాదయ్యా? మీ ఆవిడ పురిటికి ఇలాగే కూసున్నావా?"

"ఏమంటోంది?" అన్నారు నరహరిగారు.

"కాస్త సమయం పడుతుందంటోంది సార్" అన్నారు దుబాసీగారు.

అత్త లోపలికెళ్ళి వచ్చింది. కొంగు దులిపినట్టు చేసి గంపలోకి వంగింది. "పెట్టేసిందయ్యా. మీరు రెప్పేసినప్పుడు."

నరహరిగారు గుడ్డు చేతిలోకి తీసుకున్నారు. "చల్లగా ఉందేం?"

ఆ ఒక్కసారీ ఆయన దుబాసీని మరిచిపోయి సూటిగా అడిగారు. అత్త కూడా సూటిగానే చెప్పింది. "నీళ్ళల్లో తిరిగేది గదా బాబూ."

ఏడో పని వీధి ఉత్సవం. "స్థానికులు తమంతట తాము వీధులలోనికి వచ్చి నృత్యము చేయుట" అని జీవోలో ఉంది. తమంతట తాము రావాల్సినవాళ్ళ జాబితా నలభై మందితో ముందురోజే తయారుచేసి, ఒక్కొక్కరి చేత సంతకం పెట్టించారు. రానివాళ్ళు ఎందుకు తమంతట తాము రాలేదో రాతపూర్వకంగా చెప్పుకోవాలి. అందరూ వచ్చారు. అమ్మవారి గరగలు నెత్తినెత్తుకుని ఆడేవాళ్ళని పిలిచాం. మంగళవాయిద్యాలు తప్ప అన్నీ మోగాయి. నరహరిగారు కూడా ఒక అడుగు వేశారు. రెండో అడుగుకి జీవోలో వీలు లేదన్నారు.

నేను ఎదురుచూసింది తొమ్మిదో పని కోసం. "తీరము వెంబడి నడక." మూడో రోజు సాయంత్రం వాళ్ళని మిగిలిన మూడు ఒడ్డులూ తప్పించి, ఉత్తరపు ఒడ్డుకు, మా ఇంటి ముందుకి నడిపించాను. నరహరిగారు అంచుదాకా వెళ్ళి, నడుం మీద చేతులు పెట్టుకుని నీటివైపు చూశారు. ఆయన కుడికాలి కింద నేల చప్పుడు లేకుండా జారింది. పెద్ద మట్టిపెళ్ళ గోదావరిలో పడి మునిగింది. ఈతాకు టోపీ దాని వెనకే వెళ్ళింది. నేను చెయ్యి పట్టి లాగకపోతే ఆయనా టోపీ వెనకే వెళ్ళేవారు.

మా అరుగు మీద కూర్చోబెట్టాం. నా భార్య మాణిక్యం చెంబుతో నీళ్ళిచ్చింది. ఆయన తాగి, "ఇంత ప్రమాదంగా ఉంటే ఎవరైనా రాళ్ళు పోయించకూడదూ?" అన్నారు.

ఏడేళ్ళుగా చూరులో పెట్టిన కాగితాల కట్ట దింపి ఆయన చేతిలో పెట్టాను. అన్నీ చదివారు. చదివి మళ్ళీ కట్టారు.

"నువ్వు చెప్పింది నిజమే" అన్నారు. దుబాసీ ఎప్పుడో పక్కకి జరిగిపోయారు.

"మరి తమరు బాధ్యతగల అధికారి. స్వయంగా చూశారు. కాలితో కూడా చూశారు. ఒక్క ముక్క రాసి సంతకం పెట్టండి బాబూ."

"ఎలా పెడతానయ్యా?" అన్నారు. ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. "ఇరవై ఏడు నుంచి ఇరవై తొమ్మిది వరకు నేను సెయింట్ బార్నబాస్‌లో ఉన్నాను. టూరు డైరీలో ఉంది. సాక్షి సంతకం నీదే. అదే రోజు కాకరలంకలో స్థలపరిశీలన చేశానని రాస్తే, ఒక అధికారి ఒకే వేళకి రెండు దేశాల్లో ఉన్నట్టవుతుంది. ఆడిట్ వాళ్ళు ఊరుకుంటారా?"

"పోనీ రేపు, ఎల్లుండి?"

"ప్రయాణ దినాలు. ఆకాశంలో ఉంటాను."

"ఏప్రిల్లో రండి."

"కాకరలంకకి రావాలంటే టూరు మంజూరు కావాలి. మా సంస్థకి సముద్రం దాటే టూర్లే ఉన్నాయి. నది దాటే అధికారం లేదు."

మాణిక్యం చెంబు తీసుకుంటూ ఆగింది. "అయితే బాబూ, మొన్నా నిన్నా నా చేతి రొయ్యలకూర తిన్నదెవరు?"

"అది స్థానిక వంటకముల ఆస్వాదన అమ్మా. నాలుగో అంశం" అన్నారు నరహరిగారు, తల వంచుకుని.

ఫొటోగ్రాఫరు అప్పుడే మాణిక్యాన్ని అంచు దగ్గర బిందెతో నిలబడమని ఫొటో తీశాడు. ఆవిడ వాణ్ణి తిట్టడానికి నోరు తెరవబోతున్న క్షణం అది.

పదో పని పడవలో షికారు. పదకొండోది దీవికి వీడ్కోలు. రెండూ కలిపి నేనే చేశాను, అవతలి రేవుకి దింపి. దైవాధీనంగారు మాత్రం టార్చి మరిచిపోయానని మళ్ళీ వెనక్కి పడవెక్కారు. టార్చి ఆయన సంచిలోనే ఉంది.

"పోలారావ్, నేను కాకరలంక అని రాయలేను" అన్నారు నడిమధ్యలో. "కానీ దీవిలో ఏం చూశామో రాయాలి కదా. ఒడ్డు చూశాం. ఒక ఇల్లు చూశాం. మూడు బారలని నువ్వన్నావు. అది రాస్తాను."

"రాసి ఏం లాభవండి? ఆ దీవికి రాసినట్టవుద్ది గానీ."

"ముప్పై ఐదేళ్ళ సర్వీసులో నేను లాభం చూసి రాసింది లేదు" అన్నారాయన.

నూట ఇరవై పేజీల రిపోర్టు పైకి వెళ్ళింది. దాన్ని మొదటినుంచి చివరిదాకా ఎవరూ చదవలేదు. కానీ పైన కూర్చున్న పెద్దాయన పేజీలు తిప్పుతూ మాణిక్యం ఫొటో దగ్గర ఆగారు. కింద, "వరద వచ్చిన ప్రతిసారి కుంగుచున్న తీరము. గృహమునకు నీటికి మధ్య దూరము మూడు బారలు మాత్రమే. రాళ్ళు తక్షణావసరము" అని ఉంది. మా ఆవిడ తిట్టబోతున్న ముఖంలో ఆయనకు ద్వీపస్త్రీల మూగవేదన కనబడింది. "మనకు ఆతిథ్యమిచ్చిన దీవి కరిగిపోతుంటే చేతులు ముడుచుకు కూర్చోవడం మన సంస్కృతి కాదు" అన్నారు. పథకానికి "శిలా సౌహార్దం" అని పేరు పెట్టారు. మూడు పంటుల నిండా నల్లరాయి మంజూరు చేశారు.

నా అర్జీకి ఏడేళ్ళు. దీనికి పందొమ్మిది రోజులు.

జూన్ మొదటివారంలో దైవాధీనంగారు ఫోను చేశారు. "పోలారావ్, నీ ఒడ్డుకి రాళ్ళు మంజూరయ్యాయి."

నేను వెదురుగెడ పక్కన పడేశాను. "ఎప్పుడొత్తాయండి?"

"రావు. ఓడరేవుకి పోతాయి. అక్కణ్ణించి ఓడలో సెయింట్ బార్నబాస్‌కి."

ఆయనే మళ్ళీ అన్నారు, "ఎగువ రేవులో పంటుల మీద ఎత్తి, గోదావరి మీద దిగువకి తెస్తారు. నీ ఇంటి ముందు నుంచే. పంటులకి దారి చూపడానికి ఇసుక మేటలు తెలిసిన సరంగు కావాలన్నారు. ఆ దీవిలో అనుభవం ఉన్నవాడికి ప్రాధాన్యమివ్వాలని షరతు రాశాను. అలాంటివాడు రాష్ట్రంలో ఒక్కడే ఉన్నాడు. ఉంటాను."

ఫోను పెట్టేశారు.

పన్నెండో తారీఖున మూడు పంటులూ ఒకదాని వెనక ఒకటి గొలుసులతో కట్టి బయల్దేరాయి. పంటు అంటే బల్లపరుపు పడవ, ఏనుగు ఎక్కినా ఒరగదు. ముందు పంటు ఇంజను మీద మీరా సాహెబు. నేను ముందుభాగాన వెదురుగెడతో లోతు చూస్తూ, ఇటు తిప్పు, అటు తిప్పు అని చెబుతున్నాను. ఎండాకాలం చివరిరోజులు. నీళ్ళు అడుగంటి ఉన్నాయి. పాయ నడిమధ్య దారి నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు. కళ్ళు తెరిచే ఉంచాను.

మా ఒడ్డు కనిపించింది. అరుగు మీద మాణిక్యం కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.

"కుడి వైపు కొట్టు సాయిబూ" అన్నాను.

మీరా సాహెబు చక్రం పట్టుకుని అనుమానంగా చూశాడు. "కుడి వైపు ఒడ్డు గదా సరంగూ. అటు లోతుందా?"

"లోతుకేం. కావలసినంత."

"ఎంతా?"

"కావలసినంత."

అతను పాతికేళ్ళుగా గోదావరి మీద ఉన్నవాడు. నా ముఖం చూశాడు, ఇల్లు చూశాడు, ఇంటి ముందున్న మూడు బారలూ చూశాడు. బీడీ పారేసి చక్రం కుడికి తిప్పాడు. "సరంగు చెప్పింది చెయ్యడమే నా పని. నాకు చెముడు కూడా. ఏం చెప్పావో సరిగ్గా వినబళ్ళేదు" అన్నాడు.

మొదటి పంటు మా ఇంటికి సూటిగా ఎదురుగా ఇసుక మీద కూర్చుంది. రెండోది దాని పక్కన. మూడోది, గొలుసు ఉంది కదా, అది మాత్రం ఎక్కడికి పోతుంది?

ఇసుక మేట ఎక్కిన పంటు కదలాలంటే బరువు దించాలి. అది నేను పెట్టిన నిబంధన కాదు, నదిది. ఎగువన వానలు పడుతున్నాయని, నాలుగు రోజుల్లో ఎర్రనీరు వస్తుందని కబురు. పంటు మునిగితే మనుషులకి ప్రమాదం. "దించుదాం" అన్నాడు మీరా సాహెబు. ఉత్సవం జాబితాలోని నలభై మందీ వచ్చారు. ఈసారి ఎవరి చేతా సంతకం పెట్టించలేదు.

బుల్లెమ్మత్త గట్టు మీద కూర్చుని అజమాయిషీ చేసింది. "పెద్దవి కింద ఎయ్యండ్రా. చిన్నవి పైన. ఒరే, అది పక్కకి. బరువు దించటవంటే ఇసిరెయ్యటం కాదు, ఏటవాలుగా పేర్చాల."

రెండు రోజులు పట్టింది. మూడో రోజు ఖాళీ పంటులు తేలికగా లేచి వెళ్ళిపోయాయి. నాలుగో రోజు నరహరిగారు వచ్చారు. పువ్వుల చొక్కా లేదు. వెనక దైవాధీనంగారు, చంకలో ఫైలు.

నరహరిగారు గట్టు మీద నిలబడి రాళ్ళని చివరినుంచి చివరిదాకా చూశారు. ముఖం పాలిపోయింది. "ఇది విదేశానికి పంపిన సరుకు. కాకరలంకలో దించేశారని పైకి తెలిస్తే నువ్వు జైలుకి, నేను ఇంటికి."

"కాకరలంకలో దించామని ఎవరన్నారండి?" అన్నాను.

ఆయన కోపంగా చూశారు. నేను దైవాధీనంగారి వైపు చూశాను. ఆయన ఫైల్లోంచి రిపోర్టు తీసి, ఫొటో ఉన్న పేజీ తెరిచి నా చేతికిచ్చారు.

"ఈ ఇల్లు ఎక్కడుందండి?" అన్నాను.

"సెయింట్ బార్నబాస్‌లో" అన్నారు నరహరిగారు. కింద ఆయన సంతకం ఉంది మరి.

"ఈ కొబ్బరిచెట్టు?"

"అక్కడే."

"ఈ బిందె పట్టుకున్నావిడ?"

మాణిక్యం గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అదే బిందె. తిట్టడానికి సిద్ధంగా అదే ముఖం.

"మరి ఈ ఇంటి ముందు రాళ్ళు దిగితే, ఏ ఊళ్ళో దిగినట్టండీ?"

నరహరిగారు ఫొటో చూశారు. ఇల్లు చూశారు. రాళ్ళు చూశారు. మళ్ళీ ఫొటో చూశారు. అది సెయింట్ బార్నబాస్ కాదంటే ఆయన అక్కడికి వెళ్ళనట్టు. సెయింట్ బార్నబాస్ అంటే సరుకు చేరినట్టు. గోదావరి మీద గాలి వీస్తోంది గానీ ఆయన నుదుటి మీద చెమట ఆరలేదు.

చివరికి గొంతు సవరించుకుని, దైవాధీనంగారి వైపు తిరిగారు.

"స్థానికుణ్ణి అడగండి. సరుకు భద్రంగా అందిందా అని."

దైవాధీనంగారు నా వైపు తిరిగారు. "సరుకు భద్రంగా అందిందా?"

"అందిందండి."

"అందిందట సార్."

"రసీదు మీద సంతకం పెట్టమనండి."

పెట్టాను. సంగాడి పోలారావు, సెయింట్ బార్నబాస్. నరహరిగారు దాని కింద పెట్టారు. రేవు దాటిస్తుంటే పడవలో ఆయన రాళ్ళ వైపే తిరిగి కూర్చున్నారు. దిగేటప్పుడు మాత్రం దుబాసీ లేకుండా, "వరదకి నిలుస్తాయంటావా?" అని అడిగారు.

"అత్త పేర్పించింది కదండీ" అన్నాను.

జూలైలో వరద వచ్చింది. మూడు రోజులు ఉంది. ఎర్రనీళ్ళు రాళ్ళని తాకుతూ, తిరిగి పోతూ, మళ్ళీ తాకుతూ ఉన్నాయి. నేనూ మాణిక్యమూ అరుగు మీంచి దిగలేదు. నాలుగో రోజు నీరు తీసింది. గోడ దగ్గర నిలబడి చేతులు చాపి కొలిచాను. మూడు బారలు. మళ్ళీ కొలిచాను. మూడే.

ఆగస్టులో పోస్టు వచ్చింది. నా ఎనిమిదో ఏటి అర్జీకి జవాబు. "కాకరలంక ఉత్తరపు తీరమున రాళ్ళు లేని విషయమై: బాధ్యతగల అధికారి ఎవరును స్థలమును స్వయముగా పరిశీలించియుండనందున..." మిగతాది నాకు కంఠతా వచ్చు.

చూరులో కట్టతో పాటు పెడదామని లేచాను. మాణిక్యం నా చేతిలోంచి తీసుకుని, కవరు మీద చిరునామా అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది మనది కాదయ్యా" అంది. "ఎవరో కాకరలంక వాళ్ళది. పోస్టు అబ్బాయికి తిరిగిచ్చెయ్యి."